వన్స్ మోర్ : పాత ఆటకు మళ్ళీ తెర లేచిన కథ

పద్యనాటకాలు చూసి పెరిగినవారికి "వన్స్ మోర్" అన్నది పరాయి మాటగా తోచదు. తెలుగు రంగస్థలం ఆ మాటను ఏనాడో తన సొంతం చేసుకొన్నది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో పద్యం ఎత్తుకొని, రాగం సాగదీసి ముగించేసరికి, హార్మోనియం ఇంకా మోగుతూండగానే ప్రేక్షకులలో నుంచి ఆ కేక లేచేది. కథ అక్కడే ఆగేది. ధృతరాష్ట్రుడు, భీష్మద్రోణులు, దుర్యోధనుడు ఎక్కడివారక్కడ కూర్చుని ఉండగా కృష్ణుడు అదే పద్యాన్ని మళ్ళీ పాడేవాడు. ఇది రసభంగమని పెద్దలు కొందరు విసుక్కొనేవారు. జనం మాత్రం మానలేదు. కథ వారికి ముందే తెలుసు. వారు అడిగినది ఆ క్షణాన్ని. విశేషమేమిటంటే, రెండవసారి వచ్చిన పద్యం మొదటి పద్యంలా ఉండేది కాదు. అక్షరాలు అవే, రాగం అదే, సంగతులు వేరు. నటుడి గొంతులో అలసటో ఉత్సాహమో కొత్తగా చేరేది. వినేవారికి కూడా మొదటిసారి కలిగిన ఉలికిపాటు మళ్ళీ కలిగేది కాదు.

ఈ టపాలో నేను చెప్పదలచినది ఒక కంప్యూటరు ఆట చరిత్ర. 2013లో కొన్ని లక్షలమంది ఆటగాళ్ళు తాము పోగొట్టుకొన్న ఒక ఆటను తలచుకొని ఒక్క గొంతుతో "వన్స్ మోర్" అన్నారు. ఆశ్చర్యంగా ఆ ఆట తిరిగివచ్చింది. తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వుకోవచ్చు. వేషం, పాత్ర, రంగం, ప్రతి, పాఠాంతరం - ఇవన్నీ మాకు వృత్తిరీత్యా తెలిసిన మాటలే. ఈ ఆటల చరిత్రను తరచి చూస్తే నాకు అడుగడుగునా తగిలినవి కూడా ఇవే.

ముందుగా, ఈ రకం ఆట అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. చదరంగంలో మనం రాజును, మంత్రిని జరుపుతాము గాని మనమే రాజు కాము. పాత్రధారణ ఆటలో అలా కాదు. ఆటగాడు ఒక పేరు పెట్టుకొని, ఒక వేషం కట్టి, ఆ లోకంలో తానే తిరుగుతాడు. అది ఆన్‌లైన్ ఆట అయితే అదే లోకంలో, అదే సమయంలో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన మరి కొన్ని వేలమంది తమ తమ వేషాలతో తిరుగుతూ ఉంటారు. దారిలో ఎదురైతే పలకరించవచ్చు, వస్తువులు మార్చుకోవచ్చు, కలిసి వేటకు పోవచ్చు. మనం కంప్యూటరు కట్టేసి నిద్రపోయినా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది ఉండేది మన యంత్రంలో కాదు, ఎక్కడో దూరాన ఉన్న సర్వరులో.

ఇటువంటి వాటిలో మొట్టమొదట పేరు తెచ్చుకొన్నది మడ్ అన్న ఆట. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా దానిని మొదలుపెట్టాడు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ అందుకొని పెంచాడు. అందులో ఒక్క బొమ్మ కూడా లేదు. అంతా మాటలే. నీవొక ఇరుకు దారిలో ఉన్నావు, ఉత్తరాన తలుపు ఉన్నది అన్న తరహాలో తెర మీద వర్ణన కనబడుతుంది. ఆటగాడు తాను ఏమి చేయదలచాడో అక్షరాలలో టైపు చేస్తాడు. శ్రవ్యకావ్యం, దృశ్యకావ్యం అని మనవారు చేసిన విభాగంలో దీన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడం కష్టం. చదవడమూ ఉన్నది, నటించడమూ ఉన్నది. ఆ తరువాత 1996లో బార్టిల్ ఒక వ్యాసం రాసి, ఇటువంటి లోకాలకు వచ్చేవారిని నాలుగు తెగలుగా విభజించాడు: ఏదో ఒకటి సాధించడానికి వచ్చేవారు, లోకం చూడడానికి వచ్చేవారు, నలుగురితో కలవడానికి వచ్చేవారు, ఎదుటివాడిని పడగొట్టడానికి వచ్చేవారు. మన ఊరి తిరునాళ్ళకు వచ్చేవారిని చూసి చేసినట్టుంటుంది ఆ విభజన.

ఇక నేను చెప్పదలచిన ఆట పేరు రూన్‌స్కేప్. రూన్ అంటే ఐరోపాలో ఒకప్పుడు జర్మానిక్ జాతులవారు రాళ్ళ మీద, కొయ్యల మీద చెక్కిన పాత లిపిలోని అక్షరం. ఆటలో మంత్రాలు ప్రయోగించడానికి వాడేవి అక్షరాలు చెక్కిన రాళ్ళే. బీజాక్షరం అన్న భావన మనకు కొత్త కాదు గనుక ఈ పేరు నన్ను మొదటే ఆకట్టుకొన్నది. ఇంగ్లండుకు చెందిన ఆండ్రూ గోవర్, పాల్ గోవర్ అన్న అన్నదమ్ములు దీనిని 2001 జనవరిలో విడుదల చేశారు. తరువాత జాజెక్స్ అన్న సంస్థగా స్థిరపడ్డారు. 2004లో దీనికి బొమ్మలూ పనితీరూ బాగా మార్చిన రెండవ కూర్పు వచ్చింది. దీని ప్రత్యేకత ఏమిటంటే, పెద్ద పెద్ద డిస్కులు కొని ఎక్కించుకోనక్కరలేదు. జావా ఉన్న బ్రౌజరులో ఉచితంగా తెరుచుకొనేది. డబ్బు కట్టినవారికి మరింత లోకం కనబడేది గాని కట్టనివారికీ చాలినంత ఉండేది. అందుకే కంప్యూటరు సొంతంగా లేని పిల్లలు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా, బడి కంప్యూటరు గదిలోనో నెట్ సెంటరులోనో కూర్చుని ఆడగలిగారు.

మా తిరువూరు కూడా ఆ ప్రపంచంలోదే. 2006 ప్రాంతంలో గంటకు 20 రూపాయలు తీసుకొనే ఒక నెట్ సెంటరులో మా బడి పిల్లలు సాయంకాలాలు గడుపుతున్నారని తెలిసి, ఏమి చేస్తున్నారో చూద్దామని వెళ్ళాను. పదో తరగతి చదివే ఒక కుర్రవాడు కుర్చీ జరిపి, "మాస్టారూ, మీరూ ఒక పేరు పెట్టుకోండి" అన్నాడు. పేరుకు 12 అక్షరాలకు మించకూడదు. నేను తిక్కన అని పెట్టుకొని, వెనుక నాలుగు అంకెలు తగిలించాను. ఆట మొదట్లోనే లంబ్రిడ్జ్ అన్న కోటలో ఒక వంటవాడు ఎదురై, ప్రభువు పుట్టినరోజుకు కేకు చేయాలి, గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమని బతిమాలతాడు. పిండి కావాలంటే గోధుమలు కోసి, గాలిమరకు తీసుకువెళ్ళి ఆడించాలి. అంత పెద్ద మాయాలోకంలో మొదటి సాహసకార్యం పిండి మరకు పోయి రావడం కావడం నాకెంతో నచ్చింది. వారాక్ అన్న మరొక నగరంలో రోమియో, జూలియట్ల కథ కూడా ఒక ఘట్టంగా ఉన్నది. వారి నడుమ ఉత్తరం మోసేది మనమే. షేక్‌స్పియరును అంత వెటకారంగా వాడుకోవడం చూసి, మన వీథినాటకాలలో హాస్యగాడు పురాణపాత్రలను ఆటపట్టించే పద్ధతి జ్ఞాపకం వచ్చింది.

పిల్లలు పరీక్షలకు పోయినా నేను వెళ్ళడం మానలేదు. ఆటలో బార్బేరియన్ గ్రామమని ఒకటి ఉన్నది. దాని పక్కన నది. ఈకలతో ఎర వేసి చేపలు పట్టి, ఒడ్డున మంట వేసి కాల్చుకోవచ్చు. నిజజీవితంలో చేప ముట్టని నేను అక్కడ వందల చేపలు పట్టాను. చేపలు పట్టడంలో చేయవలసిన పని తక్కువ గనుక మాటలు ఎక్కువ. కెనడాలో ఉంటానని చెప్పిన ఒకరు, ముసలి మాంత్రికుని వేషంలో, రోజూ అక్కడికి వచ్చేవారు. తిక్కన అంటే ఏమిటని అడిగితే, మా భాషలో భారతాన్ని పదిహేను పర్వాలు రాసిన కవి అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అప్పటి నుంచి ఆయన (ఆమె కూడా కావచ్చు) నన్ను కవీ అని పిలిచేవారు. ఒకసారి నా దగ్గర మంచి కత్తి లేదని చూసి, తన దగ్గర ఉన్నదొకటి ఊరికే ఇచ్చారు. మరుసటి సంవత్సరం నాకు నెట్ సెంటరు లేని ఊరికి బదిలీ అయింది. ఆ ఆట అంతటితో ఆగింది.

నేను లేని సంవత్సరాలలో ఆ లోకానికి ఏమైందన్నదే అసలు చరిత్ర. ఆటలోని బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్ముకొనే వ్యాపారం పెద్దదైపోయింది. దొంగ క్రెడిట్ కార్డులతో ఖాతాలు తెరవడం, మనుషులకు బదులు ప్రోగ్రాములతో రాత్రింబవళ్ళు చెట్లు కొట్టించడం పెరిగాయి. దీన్ని అరికట్టడానికి 2007 డిసెంబరులో వైల్డర్‌నెస్ అన్న అరణ్యప్రాంతంలో ఆటగాళ్ళు ఒకరితో ఒకరు స్వేచ్ఛగా పోరాడే వీలును తీసివేశారు. 2008 జనవరిలో ఇచ్చిపుచ్చుకోవడాలకు పరిమితి పెట్టారు. ఒకరు మరొకరికి విలువైన వస్తువును ఊరికే ఇవ్వడం దాదాపు అసాధ్యమయింది. దొంగవ్యాపారానికి వేసిన కట్టు దానధర్మానికీ బిగుసుకొన్నది. చాలామంది ఆట వదిలేశారు. మూడేళ్ళ తరువాత ఆటగాళ్ళ అభిప్రాయం అడిగితే 12 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 91 శాతం పాత పద్ధతే కావాలన్నారు. 2011 ఫిబ్రవరి 1న ఆ రెండూ తిరిగివచ్చాయి. అయితే 2012 నవంబరులో యుద్ధపద్ధతినే మొదలంటా మార్చివేశారు. ఆటకు ఉన్న పేరు అదే, ఊళ్ళ పేర్లూ అవే. చేతికి అలవాటైన నడక మాత్రం పోయింది. ఇంకొకసారి జనం లేచి వెళ్ళిపోసాగారు.

అప్పుడు సంస్థవారు ఒక మాట బయటపెట్టారు. తమ దగ్గర 2007 ఆగస్టు నాటి ఆట ప్రతి ఒకటి భద్రంగా ఉన్నదని, కావాలంటే దానిని వేరుగా నడిపిస్తామని చెప్పి, 2013 ఫిబ్రవరిలో ఓటింగు పెట్టారు. దాదాపు 4,50,000 ఓట్లు వచ్చాయి. ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అన్న పేరుతో పాత లోకం మళ్ళీ తలుపులు తెరిచింది. అప్పటి నుంచి అందులో కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ళను అడిగే ఆనవాయితీ పెట్టుకొన్నారు. మొదట నూటికి 75 మంది ఒప్పుకొంటేనే చేర్చేవారు. 2022లో దానిని 70కి తగ్గించారు. ఒకసారి దెబ్బతిన్న జనం తలుపు గొళ్ళెం తమ చేతిలోనే ఉంచుకొన్నారన్నమాట. 2018 అక్టోబరులో అది ఫోనులోకీ వచ్చింది.

ఇక్కడ నన్ను ఆపివేసిన విషయం, ఆ ప్రతి. ఎవరో ఒకరు 2007 ఆగస్టులో ఆ రోజుకున్న ఆటను యథాతథంగా నకలు తీసి పెట్టారు. అది ఆరేళ్ళ తరువాత లక్షలమంది అడిగే వస్తువు అవుతుందని వారికి తెలిసి ఉండదు. ఆ ఒక్క నకలు చెడిపోయి ఉంటే, ఎన్ని లక్షల ఓట్లు పడినా లాభం లేదు. తాళపత్రాల చరిత్ర తెలిసినవారికి ఈ గుండెదడ కొత్త కాదు. సి. పి. బ్రౌన్ కడపలో తన ఖర్చుతో పండితులను, లేఖకులను పెట్టుకొని, ఊరూరి నుంచి తెచ్చిన ప్రతులను పోల్చి రాయించకపోయి ఉంటే ఎన్ని కావ్యాలు ఏ అటకమీద చెదలకు ఆహారమై ఉండేవో. మన పూర్వులు మనకిచ్చినది గ్రంథాలను మాత్రమే కాదు, ఆ గ్రంథాలకు నకళ్ళు తీసే ఓపికను కూడా. కంప్యూటరువారు బ్యాకప్ అనేది మనవారు ప్రతి అన్నదే.

అదే కాలంలో మరొక చోట జరిగిన కథ పాఠపరిష్కరణకు ఇంకా దగ్గరగా ఉంటుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అన్న ప్రసిద్ధమైన ఆట 2004 నవంబరులో అమెరికా సంస్థ బ్లిజార్డు నుంచి వచ్చింది. ఏటికేడు మారుతూ పోయింది. మొదటి రూపం కావాలని 2013లో ఒక అభిమాని సభాముఖంగా అడిగితే, అది కావాలని మీరు అనుకొంటున్నారే గాని నిజానికి మీకు అక్కరలేదన్న అర్థం వచ్చేట్టు సంస్థ ప్రతినిధి జె. అలెన్ బ్రాక్ జవాబిచ్చాడు. అభిమానులు ఊరుకోలేదు. నోస్టాల్రియస్ అన్న పేరుతో కొందరు అనుమతి లేకుండా సొంత సర్వరు పెట్టి, 2015లో పాత ఆటను నడిపించారు. సంస్థ నోటీసు ఇవ్వగా 2016 ఏప్రిల్‌లో దానిని మూసివేశారు. ఆ మూసివేతతో కోరిక చల్లారకపోగా రాజుకొన్నది. చివరకు 2017 నవంబరులో పాత ఆటను తామే తెస్తామని సంస్థ ప్రకటించింది. వేదిక మీద ప్రకటించినది ఆ బ్రాక్ గారే. వారు పాత ప్రతిని బయటకు తీసి చూస్తే అది నేటి యంత్రాలకు, నేటి భద్రతకు సరిపోలేదు. అందువల్ల పాత ఆటలోని సమాచారాన్ని నేటి కోడులో ఇమిడ్చారు. తాటాకు మీది పాఠాన్ని అచ్చు అక్షరాలలోకి దించినట్టు. ఏది కవి రాసినది, ఏది లేఖకుని పొరపాటు అన్న చర్చ వారికీ తప్పలేదు. పాత ఆటలోని కొన్ని వంకర్లు సహజగుణాలని, లోపాలు కావని ముందుగా చెప్పుకోవలసి వచ్చింది.

2019 ఆగస్టు చివరలో ఆ పాత ఆట విడుదలయింది. నా వాదానికి ఆయువుపట్టు ఇక్కడే ఉన్నది. ఆ ఆటలో రాగ్నరోస్ అని ఒక అగ్నిదైవం ఉన్నది. నలభై మంది ఒక జట్టుగా వెళ్ళి పడగొట్టాలి. మొదటిసారి, 2004 నవంబరులో ఆట వచ్చినప్పుడు, ప్రపంచంలో ఎవరైనా వాణ్ణి పడగొట్టడానికి 2005 ఏప్రిల్ దాకా పట్టింది. అంటే అయిదు నెలలు. 2019లో ఆట తెరిచిన వారం తిరగకముందే ఒక జట్టు వాణ్ణి కూల్చివేసింది. ఆట మారలేదు. మారినవారు మనుషులు. పదిహేనేళ్ళలో వారు చదివినవి, లెక్కలు కట్టినవి, ఒకరికొకరు చెప్పుకొన్నవి అన్నీ తలలో పెట్టుకొని వచ్చారు. తెలిసినదాన్ని తెలియకుండా చేసే మందు ఏ సర్వరులోనూ దొరకదు. పాఠం పూర్తిగా తిరిగివచ్చినా, తొలి ప్రదర్శన నాటి ప్రేక్షకుడు తిరిగిరాడు.

నా అనుభవమూ దీనికి సాక్ష్యమే. 2021లో పదవీ విరమణ చేసిన తరువాత ఫోనులో ఆ పాత ఆటను దింపుకొని, పాత పేరు, రహస్యపదం కొట్టి చూశాను. లోపలికి అనుమతించింది. అయితే 2013లో తెరిచిన ఈ లోకంలో ప్రతి ఒక్కరూ మొదటి నుంచి మొదలుపెట్టవలసినదే. లోకానికి ప్రతి ఉన్నది గాని అందులో మనం సంపాదించిన ఆస్తికి ప్రతి లేదు. నా తిక్కన కత్తి లేకుండా, కాసు లేకుండా, అడుగు స్థాయిలో నిలబడి ఉన్నాడు. మిత్రుల పట్టిక మాత్రం పాత ఖాతాకు అంటుకొని వచ్చింది. 11 పేర్లు. ఎవరైనా మనమున్న సర్వరులోనే ఆడుతుంటే ఆకుపచ్చగా, ఆటలో లేకపోతే ఎర్రగా కనబడాలి. పదకొండూ ఎర్రగానే ఉన్నాయి.

వంటవాడికి గుడ్డు, పాలు, పిండి మళ్ళీ తెచ్చి ఇచ్చాను. వాడు మొదటిసారి బతిమాలినట్టే బతిమాలాడు. ఆ గాలిమర, ఆ వంతెన, ఆ కోడిపిల్లల దొడ్డి, చివరకు ఆ సన్నాయి వంటి సంగీతం కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. నదీతీరానికి వెళితే అక్కడ జనం ఉన్నారు గాని మాటలు లేవు. ఈ ఆటలో ఏ విద్యలోనైనా 99వ మెట్టు ఎక్కాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ మెట్టు చేరేసరికి అందులో సగమే పూర్తవుతుంది. 2006లో మాకెవరికీ ఈ లెక్క పట్టలేదు. ఇప్పుడు ఏ చేప ఎక్కడ పడితే గంటకు ఎన్ని పాయింట్లో పట్టికలు ఉన్నాయి. నా పక్కన నిలబడినవారు ఆ పట్టికలను అనుసరించి మౌనంగా తమ పని చేసుకొనిపోతున్నారు. వారిని తప్పుపట్టను. నాటకం పుస్తకం చేతిలో పెట్టుకొని నాటకం చూసేవాడికి తరువాతి మాట ఏమిటో తెలిసే ఉంటుంది.

ఆ రోజు పేరు పెట్టుకోమన్న కుర్రవాడు ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ఒక బిడ్డకు తండ్రి. ఫోను చేసి సంగతి చెబితే "మాస్టారూ, ఇంకా గుర్తుందా మీకు!" అని, ఆ రాత్రే వచ్చాడు. పదకొండులో ఒక పేరు ఆకుపచ్చగా మారింది. గంటసేపు నది ఒడ్డున నిలబడ్డాము. చేపలు పడుతూనే ఉన్నాయి. మేము మాట్లాడుకొన్నది పాప జ్వరం గురించి, వాళ్ళ నాన్నగారి మోకాళ్ళ గురించి, నా పింఛను కాగితాల గురించి. పదిహేనేళ్ళ కిందట అదే ఒడ్డున వాడు నాకు ఏ ఈక ఎక్కడ కొనాలో చెప్పేవాడు. రంగం అదే, వేషాలు అవే, సంభాషణ వేరు. అది నాకు బాధగా తోచలేదు. పాతదాన్ని తిరిగి ఆడుతున్నామన్న భ్రమ పోయి, కొత్త ప్రదర్శన ఒకటి మొదలయిందని తెలిసింది.

మా తిరువూరు నుంచి విజయవాడ పోయే దారిలో మైలవరం తగులుతుంది. అక్కడి జమీందారుల ఆదరణలో బాలభారతీ నాటక సమాజం ఒకప్పుడు గొప్పగా నడిచింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులకు అది నెలవు. ఆ సమాజం నేడు లేదు. వారు ఆడిన తరహా నాటకాలు మాత్రం ఉన్నాయి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు నేటికీ ఊళ్ళలో ఆడుతున్నారు. ఒకే రాత్రి ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అని ముగ్గురు నటులు వరుసగా ఒకే వేషం కట్టడం మనవారికి వింత కాదు. కృష్ణపాత్ర ఏ ఒక్కరిదీ కాదని, ఆ పూట కిరీటం పెట్టుకొన్నవాడిదని మన ప్రేక్షకులకు తెలుసు. కనుక పాత నటుడు పోయాడని నాటకం చూడడం మానలేదు. అలాగని పాత నటుణ్ణి మరచిపోనూ లేదు. ఫలానావారి కృష్ణుడు అని తాతలు మనుమలకు చెబుతూనే వచ్చారు. ఆన్‌లైన్ ఆటకు తిరిగివెళ్ళేవారు నేర్చుకోదగిన మర్యాద ఇదేనని నాకు తోస్తుంది. పుస్తకాన్ని మళ్ళీ చదివినట్టు ఆటను మళ్ళీ ఆడలేము. నాటకాన్ని మళ్ళీ ఆడినట్టు మాత్రమే ఆడగలము.

అందరికీ ఆ అవకాశమూ దొరకదు. రూన్‌స్కేప్ 2001 నాటి తొలిరూపాన్ని 2018 ఆగస్టు 6న శాశ్వతంగా మూసివేశారు. సిటీ ఆఫ్ హీరోస్ అన్న ఆట 2004లో మొదలై 2012 నవంబరు 30న ఆగిపోయింది. దానిని కొందరు రహస్యంగా, తమలో తామే, ఏళ్ళ తరబడి నడుపుకొంటున్నారని 2019లో బయటపడి పెద్ద దుమారం లేచింది. తాళపత్రాన్ని ఇంటిలో దాచుకొని, అడిగినవారికి లేదని చెప్పిన కుటుంబాల కథలు మనకూ ఉన్నాయి గదా. ఆ దుమారం వల్ల మేలే జరిగింది. కోడు బయటకు వచ్చింది, అభిమానుల సర్వరు ఒకటి నిలదొక్కుకొన్నది, 2024 జనవరిలో హక్కుదారులు దానికి అధికారికంగా అనుమతి ఇచ్చారు.

ప్రతి తీసిపెట్టడం గురించి ఇంత చెప్పాను గనుక, ఆటకన్నా ముందుగా ప్రతి తీయవలసినది మరొకటి ఉన్నదని చెప్పి ముగిస్తాను. నార్వే దేశంలో మాట్స్ స్టీన్ అన్న యువకుడు కండరాలు క్షీణించే వ్యాధితో చక్రాల కుర్చీకే పరిమితమై, 2014లో 25 ఏళ్ళకే మరణించాడు. కొడుకు స్నేహితులు లేకుండా ఒంటరిగా బతికాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త ఉంచితే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అతనితో ఏళ్ళుగా ఆడినవారు ఐరోపా దేశాల నుంచి ఉత్తరాలు రాశారు. అంత్యక్రియలకు కొందరు తరలివచ్చారు. ఆటలో అతని పేరు ఇబెలిన్. అతడు ఎవరిని ఎలా ఓదార్చాడో, ఏ తల్లికి బిడ్డతో మాట్లాడే దారి చూపాడో, ఆ జట్టు దాచుకొన్న సంభాషణల ప్రతులలో ఉన్నది. ఆ ప్రతుల ఆధారంగానే బెంజమిన్ రీ 2024లో అతని జీవితాన్ని డాక్యుమెంటరీగా తీయగలిగాడు. ఆట ప్రతి సంస్థ దగ్గర ఉంటుంది. మాటల ప్రతి ఆడినవారు దాచుకొంటేనే ఉంటుంది.

నా పట్టికలో కెనడా మాంత్రికుని పేరు నేటికీ ఎర్రగానే ఉన్నది. ఆయన అసలు పేరు నేనెన్నడూ అడగలేదు, ఆయనా నా పేరు అడగలేదు. ఆ లోకంలో అది మర్యాద. అందువల్ల వెతకడానికి దారి లేదు. అందుకే జ్ఞాపకం ఉన్నంతవరకు మా మాటలను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకొన్నాను. ఏడు పేజీలు వచ్చాయి. మొన్న నది ఒడ్డున ఎవరో కొత్త పిల్లవాడు కత్తి లేకుండా తిరుగుతుంటే, నా దగ్గర ఉన్నది ఇచ్చాను. ఇప్పుడు ఇవ్వనిస్తారు. మీ పట్టికలలోనూ ఇటువంటి పేర్లు ఉండే ఉంటాయి. వారు మీతో అన్న మాటలు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఈ వారమే ఒక నకలు తీసి పెట్టండి.